గిన్నె మీద పేరు, తుపాకీ మీద పేరు



ఈవేళ నేను చెప్పబోయే వస్తువు పేరు వినగానే రేడియో కట్టేసి వంటింట్లోకి వెళ్ళిపోకండి. అది ఒక పాత రివాల్వరు. ఆడవాళ్ళ కార్యక్రమంలో తుపాకీ ఊసేమిటని మా ఇంట్లోవాళ్ళే నవ్వారు. నవ్వితే నవ్వనివ్వండి. ఒక పాత వస్తువును చేతిలోకి తీసుకుని, ఇది ఎవరు చేశారు, ఎప్పుడు చేశారు అని తరచి చూసే విద్య మనకు కొత్తది కాదు. వెండి గ్లాసు చేతికి రాగానే అడుగు తిరగేసి ముద్ర చూసేది ఎవరు? పట్టుచీర కొనేటప్పుడు చెంగు తిప్పి లోపలివైపు నేత చూసేది ఎవరు? తుపాకీకైనా కావలసింది ఆ చూపే. అది లేకపోవడం వల్లనే మా అత్తవారింట్లో ఒక కథ మూడు తరాలపాటు చలామణీ అయింది.

కథకు ముందు ఒక చిన్న సంగతి. మా అమ్మ కాపరానికి వచ్చేటప్పుడు తెచ్చుకున్న ఇత్తడి బిందె మీద మా అమ్మమ్మ పేరూ, ఆ సంవత్సరమూ చుక్కలు చుక్కలుగా కొట్టించి ఉన్నాయి. బిందె చేసిన కంచరి పేరు మాత్రం దాని మీద ఎక్కడా లేదు. వందేళ్ళ తరువాత ఏ పరాయివాడికో ఆ బిందె దొరికిందనుకోండి, "ఓహో, ఫలానా ఆవిడ బిందెలు చేసేది కాబోలు" అనుకుంటాడు. నవ్వులాటగా ఉన్నది కదూ! పాత తుపాకీల విషయంలో చదువుకున్నవాళ్ళు సైతం సరిగ్గా ఈ పొరపాటే చేస్తారు. పైకి కనిపించే పేరు చేసినవాడిదనుకుంటారు.

మా అత్తవారిది గోదావరి జిల్లా. మా చిన్నమామగారు పోయి, కర్మలన్నీ అయిన తరువాత ఆయన భోషాణం తెరిచాము. అడుగున ఎర్ర పట్టుగుడ్డలో చుట్టి ఆ రివాల్వరు ఉన్నది. అది ఉన్నదని అందరికీ తెలుసు. ఏటా దసరాకు ఆయుధపూజనాడు బయటికి తీసి, గంధం పూసి, కుంకుమ బొట్టు పెట్టి, మళ్ళీ లోపల పెట్టేసేవారు. దాని ఎడమపక్కన ఆర్.ఐ.సి. అని మూడు ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉన్నాయి. అవి ఒక దొరగారి పేరు తాలూకు పొడి అక్షరాలని మా అత్తగారు చెప్పేవారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టే రోజుల్లో మా వారి ముత్తాతగారు అక్కడ గుమాస్తాగా ఉండేవారట. కూలీల బట్వాడా పైకం ఒంటరిగా తీసుకువస్తూంటే దారిలో దొంగలు పడ్డారట. పైసా పోకుండా ఆయన పైకం తెచ్చి అప్పగిస్తే, ఒక ఇంజనీరు దొర మెచ్చుకుని తన నడుముకున్న రివాల్వరు విప్పి ఇచ్చాడట. పెళ్ళి సంబంధాలు మాట్లాడేటప్పుడు ఈ కథ ఒకసారి తప్పకుండా బయటికి వచ్చేది. నా పెళ్ళిచూపుల్లోనూ వచ్చింది. విన్న మా నాన్నగారు ఇంటికి వెళ్ళి, "మంచి నిజాయితీపరుల వంశం" అన్నారు. కనుక ఈ తుపాకీకి నేనూ కొంత బాకీ పడ్డానన్నమాట.

మనిషి పోతే ఆయన పేరున ఉన్న లైసెన్సు మన పేరున నడవదు. అందుచేత మా మరిది పోలీస్ స్టేషనుకు వెళ్ళి చెప్పి, వారి సలహా మీద లైసెన్సు గల ఒక తుపాకుల దుకాణంలో దాన్ని దాఖలు చేసి రసీదు తీసుకున్నాడు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, పాతది కదా, వంద ఏళ్ళు దాటింది కదా, ఇంట్లో పడి ఉంటే తప్పేమిటని చాలామంది అనుకుంటారు. 1959 నాటి ఆయుధాల చట్టం పాతకాలపు ఆయుధాలకు మినహాయింపు ఇచ్చినమాట నిజమే. అయితే బాగుచేయించినా సరే పేలడానికి పనికిరాని స్థితిలో ఉన్నవాటికే ఆ మినహాయింపు. పేలుతుందో పేలదో తేల్చవలసింది మనం కాదు.

ఆ దుకాణంలో ఒక ముసలాయన ఉన్నారు. తాత తండ్రులనాటి నుంచీ తుపాకులు బాగుచేసే వృత్తి. మా అత్తగారు, నేను కూడా వెళ్ళాము. ఆయన పట్టుగుడ్డ విప్పి, లోపల తూటాలేమీ లేవని చూసుకుని, మెత్తని బట్టకు కాస్త నూనె రాసి, ముద్రల గాళ్ళలో ఏళ్ళ తరబడి పేరుకుపోయిన కుంకుమను నెమ్మదిగా తీశారు. "చింతపండు పెట్టి తోమలేదు గదమ్మా?" అని మొదటగా అడిగారు. లేదన్నాము. "బతికించారు. కొందరు ఇటుకపొడి పెట్టి నున్నగా తోమి తెస్తారు. ముద్రలన్నీ అరిగిపోతాయి. ముద్ర పోతే ఇక అది ఇనపముక్కే" అన్నారు. తరువాత భూతద్దం కంటికి ఆనించుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. చివరకు, "ఆర్.ఐ.సి. అంటే దొర పేరు కాదండీ. ఇది ఆనకట్టనాటిదీ కాదు" అన్నారు.

మా అత్తగారి మొహం చిన్నబోయింది. ఆయన్ను అడుగుదామన్నది నేనే కనుక, ఇంటికి వచ్చాక రెండు రోజులు ఆవిడ నాతో సరిగా మాట్లాడలేదు. నాకూ మనసులో పీకుతూనే ఉన్నది. దొర పేరు కాకపోతే ఆ అక్షరాలు ఏమిటి? ఆనకట్టనాటిది కాదని ఆయన అంత ధీమాగా ఎలా చెప్పగలిగారు? ఆయన చెప్పిన ముక్కలు పట్టుకుని, ఆ తరువాత పుస్తకాలు తెప్పించుకుని నేను తెలుసుకున్నదే మీతో ఇప్పుడు చెప్పుకుంటున్నాను.

మన డిటెక్టివ్ నవలల్లో ఒక పేజీలో పిస్తోలు అని ఉంటుంది, తరువాత పేజీలో అదే రివాల్వరు అయిపోతుంది. నిజానికి తిరిగే దిమ్మ ఉంటేనే అది రివాల్వరు. ఐదో ఆరో గుంటలున్న గుండ్రని ఇనప దిమ్మ, దాన్ని సిలిండర్ అంటారు, ఒక్కొక్క గుండు పేలాక ఒక గుంట చొప్పున తిరిగి తరువాతి గుండును గొట్టానికి ఎదురుగా తెస్తుంది. ఈ ఊహ చాలా పాతది. 1818లోనే ఎలీషా కాలియర్ అనే అమెరికన్ లండనులో ఇలాంటి దానికి పేటెంటు తీసుకున్నాడు. అయితే అది చెకుముకిరాయితో పేలేది. ఖరీదూ ఎక్కువ, చేసినవీ కొద్ది. తరువాత చెకుముకి పోయి టోపీలు వచ్చాయి. మన పల్లెటూళ్ళలో టోపీ తుపాకీ అంటారు చూడండి, అదే. చిటికెనవేలి గోరంత రాగి టోపీలో పేలుడు మందు అద్ది ఉంటుంది. దిమ్మ వెనుక ఒక్కొక్క గుంటకూ ఒక్కొక్క చిన్న మొన ఉంటుంది. గుంటలో ముందువైపు నుంచి మందూ గుండూ కూరి, వెనుక మొనకు టోపీ తొడగాలి. సుత్తి వచ్చి టోపీ మీద కొడితే పేలుతుంది.

లండనులో 1851లో జరిగిన మహా ప్రదర్శన గురించి మీరు వినే ఉంటారు, హైడ్ పార్కులో గాజు మేడ కట్టి ప్రపంచంలోని వస్తువులన్నీ పెట్టారు. మన కోహినూరు వజ్రాన్ని కూడా అక్కడే జనానికి చూపించారు. ఆ ప్రదర్శనలో అమెరికా నుంచి వచ్చిన సామ్యుల్ కోల్ట్ తన రివాల్వర్లు పరిచి కూర్చున్నాడు. లండనుకు చెందిన రాబర్ట్ ఆడమ్స్ అదే సంవత్సరం పేటెంటు తీసుకున్న తన రివాల్వరు తెచ్చిపెట్టాడు. డీన్, ఆడమ్స్ అండ్ డీన్ అని లండన్ బ్రిడ్జి దగ్గర కింగ్ విలియం వీధిలో వాళ్ళ దుకాణం. కోల్ట్ తుపాకీని ప్రతిసారీ బొటనవేలితో సుత్తి వెనక్కి లాగి, అప్పుడు ట్రిగ్గరు నొక్కాలి. ఆడమ్స్ దానికి ఆ పని లేదు, ట్రిగ్గరు నొక్కితే చాలు, సుత్తి తనే లేచి తనే పడుతుంది. ఏది మంచిదని పత్రికల్లో పెద్ద తగువు. 1854 నవంబరులో రష్యావారితో ఇంకర్‌మన్ దగ్గర జరిగిన యుద్ధంలో ఒక ఇంగ్లీషు అధికారిని శత్రువులు చుట్టుముట్టారట. చేతిలో ఉన్నది ఆడమ్స్ రివాల్వరు గనుక బతికాను, ప్రతి గుండుకూ సుత్తి లాగవలసివస్తే చచ్చిపోయేవాణ్ణని ఆయన ఆ కంపెనీకి ఉత్తరం రాశాడు. వాళ్ళు దాన్ని ఊరికే వదులుతారా? బాగా వాడుకున్నారు. 1855లో బోమాంట్ అనే సైనిక ఇంజనీరు ఈ రెండు పద్ధతులూ ఒకే తుపాకీలో కలిసేలా చేశాడు. మరుసటి ఏడు బ్రిటిష్ సైన్యం దాన్ని తీసుకున్నది.

ఇవన్నీ టోపీ రివాల్వర్లే. మందూ గుండూ టోపీ మూడూ ఒకే ఇత్తడి గుల్లలో ఇమిడిన తూటా వచ్చాక వీటి కాలం చెల్లింది. బ్రిటిష్ సైన్యం తన పాత టోపీ రివాల్వర్లను తూటాలకు పనికివచ్చేట్టు మార్పించడం మొదలుపెట్టినది 1868లో. ఇప్పుడు మా భోషాణంలోని వస్తువు దగ్గరికి రండి. దాని దిమ్మ వెనుక మొనలు లేవు. కుడిపక్కన వేలిగోరుతో తెరవగలిగిన చిన్న తలుపు ఉన్నది. ఆ తలుపు తెరిచి ఒక్కొక్క తూటా వెనుక నుంచి దూర్చాలి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. ఆనాటి ఇంజనీరు నడుముకు ఇలాంటిది ఉండే అవకాశమే లేదు. ముసలాయన ముద్రలు చదవకముందే, ఆ తలుపు చూడగానే సగం సంగతి ఆయనకు తెలిసిపోయి ఉంటుంది.

ఇక రాతల సంగతి. పాత బ్రిటిష్ రివాల్వరు మీద రాతలు ఒకటా రెండా! అందులో సగం మనల్ని పక్కదారి పట్టించేవే. ఆడమ్స్ తరహా తుపాకుల మీద "ఆడమ్స్ పేటెంట్ నంబరు ఇంత" అని చెక్కి ఉంటుంది. అది పేటెంటు నంబరేననుకుని పేటెంటు పుస్తకాలు వెతికేవాళ్ళున్నారు. కాదు, అది ఆ ఒక్క తుపాకీ వరుస నంబరు. ఆడమ్స్ పేటెంటుకు రుసుము చెల్లించి ఇతరులు కూడా అవి చేసేవారు. నంబరు చివర టి అనే అక్షరం ఉంటే అది బర్మింగ్‌హామ్‌లో విలియం ట్రాంటర్ చేసినదని గుర్తు. అసలు పేటెంటు నంబరే ఉన్నా జాగ్రత్తగా ఉండాలి. 1852 చివరి నుంచి అక్కడ పేటెంటు నంబర్లు ఏటా మళ్ళీ ఒకటి నుంచి మొదలయ్యేవి. సంవత్సరం లేని నంబరు ఇంటిపేరు లేని పేరులాంటిది. పైగా పేటెంటు తేదీ ఆ ఉపాయం పుట్టిన తేదీయే గాని తుపాకీ పుట్టిన తేదీ కాదు. సింగర్ కుట్టుమిషను పేటెంటు కూడా 1851దే. అంతమాత్రాన మీ ఇంట్లో మిషను 1851 నాటిదవుతుందా? మిషను వయసు కావాలంటే దాని మంచం మీద కొట్టిన వరుస నంబరు చూడాలి.

దిమ్మకు పైన అడ్డంగా ఉండే పట్టీ మీద, లేకపోతే గొట్టం మీద, అందమైన అక్షరాలతో ఒక పేరు, ఊరు ఉంటాయి. మన బిందె మీద పేరులాగా అందరి చూపూ దాని మీదే పడుతుంది. నూటికి ఎక్కువపాళ్ళు అది అమ్మినవాడి పేరు. కలకత్తాలో మాంటన్, రాడా కంపెనీలు, మద్రాసులో పి. ఓర్ అండ్ సన్స్ ఇలా తమ పేర్లు వేయించుకునేవారు. పిడి మీద వెండి రేకులో ఉండే పేరైతే సొంతదారుది. బాణం గుర్తు ఉంటే ప్రభుత్వపు సొత్తు. రెండు బాణాలు మొన మొన ఆనుకుని ఎదురెదురుగా ఉన్నాయంటే, ప్రభుత్వం తీసేసి అమ్మేసినదన్నమాట. మా దాని మీద బాణాలేవీ లేవు, అంటే మొదటినుంచీ బజారు సరుకే.

అన్నిటికన్నా పెద్ద మోసం మరొకటి ఉన్నది. "బ్రిటిష్ బుల్‌డాగ్" అని పెద్ద అక్షరాలతో రాసి ఉన్న పొట్టి రివాల్వర్లు బోలెడు దొరుకుతాయి. ఈ నమూనా బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ కంపెనీవారు 1872లో మొదలుపెట్టారు, జేబులో పట్టేది. అది బాగా అమ్ముడుపోయేసరికి బెల్జియంలోని లియేజ్ పట్టణంలో వాటి నకళ్ళు వేలకు వేలు చేశారు. చేసి, వాటి మీద కూడా "బ్రిటిష్ బుల్‌డాగ్" అనే రాశారు! బ్రిటిష్ అని రాసి ఉన్నది గనుక బ్రిటిష్‌దే అనుకుంటాడు కొన్నవాడు. దిమ్మ మీద కోడిగుడ్డు ఆకారంలో ఒక చిన్న ముద్ర, లోపల ఇ.ఎల్.జి. అనే అక్షరాలు, కింద నక్షత్రం ఉంటే అది లియేజ్ పరీక్ష ముద్ర. 1893 నుంచి ఆ ముద్ర పైన కిరీటం కూడా చేరింది. అంటే అబద్ధం పెద్ద అక్షరాలలో ఉంటుంది, నిజం పెసరగింజంత ముద్రలో ఉంటుంది.

ఆ పెసరగింజంత ముద్రల గురించే ముసలాయన "పేర్లు చదవకండి, ముద్రలు చదవండి" అన్నది. ఇంగ్లండులో చేసిన తుపాకీని అమ్మేముందు పరీక్షశాలకు పంపాలి. మామూలుకన్నా ఎక్కువ మందు దట్టించి పేల్చి చూస్తారు. పగలకపోతే ఒక ముద్ర, తరువాత పరిశీలించి ఇంకో ముద్ర వేస్తారు. లండనులో ఈ పని తుపాకీ తయారీదార్ల సంఘానిది, 1637 నుంచి ఉన్నది. వారి ముద్ర కిరీటం కింద ఒకదానిలో ఒకటి పెనవేసుకున్న జి, పి అక్షరాలు. పరిశీలన ముద్ర కిరీటం కింద వి. బర్మింగ్‌హామ్‌వారు మాకూ ఒకటి కావాలని పట్టుబట్టి 1813లో పార్లమెంటు చట్టం చేయించుకున్నారు. వారి ముద్రలో కిరీటం కింద అడ్డంగా దాటిన రెండు రాజదండాలు, వాటి సందుల్లో బి.పి.సి. అక్షరాలు, రెండో ముద్రలో వి అక్షరం. 1904లో ఈ ముద్రలు మారిపోయాయి. రివాల్వర్లకు ఈ ముద్రలు దిమ్మలోని గుంట గుంటకూ వేసేవారు. బానాబూచీల కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి మోగించి చూస్తామే, అలా ఒక్కొక్క గుంటకూ పరీక్షే. అయితే ఇది పరీక్ష జరిగిన చోటే చెబుతుంది, చేసినవాడి పేరు చెప్పదు. లండను దుకాణం పేరు మోసే రివాల్వర్లు బర్మింగ్‌హామ్ ముద్రతో కనిపించడం మామూలే.

మరి చేసినవాడెవరు? ఇక్కడే నాకు ఈ విషయం మీద మనసు పడింది. బర్మింగ్‌హామ్‌లో ఒకప్పటి సెయింట్ మేరీ చర్చి చుట్టూ ఉన్న నాలుగైదు వీధుల పేటను తుపాకుల పేట అంటారు. ఒకరు గొట్టం చేసేవారు. ఒకరు ట్రిగ్గరు కీలు చేసేవారు. ఒకరు పిడి చెక్కేవారు. ఒకరు ఆకురాయితో అరగదీసేవారు, ఒకరు మెరుగుపెట్టేవారు, ఒకరు పువ్వులు చెక్కేవారు. ఒక్కొక్కరిదీ ఒక్కొక్క చిన్న కొట్టు. సగం తయారైన ముక్కలు గంపల్లో పెట్టుకుని కుర్రాళ్ళు ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకు పరుగెత్తుతూ ఉండేవారు. పేరున్న కంపెనీ చివరకు అన్నీ జతచేసి తన ముద్ర వేసేది. వెబ్లీ కంపెనీయే తీసుకోండి. అది అసలు విలియం డేవిస్ అనే ఆయన పెట్టుకున్న గుళ్ళ అచ్చుల వ్యాపారం. అల్లుడు ఫిలిప్ వెబ్లీ చేతికి వచ్చింది. మామగారి పేరు పోయి అల్లుడి పేరు ప్రపంచమంతా పాకింది. మధ్యన ఆ వ్యాపారాన్ని ఇతనికి అందేలా చేసిన కూతురి పేరు ఏ తుపాకీ మీదా లేదు.

అసలు తుపాకీ పనిలో ఆడవాళ్ళున్నారా అంటే, ఉన్నారు. కోల్ట్ 1853లో లండనులో పిమ్లికో దగ్గర ఒక ఫ్యాక్టరీ పెట్టి, యంత్రాల మీద నలభై వేలకు పైగా రివాల్వర్లు చేయించాడు. నాలుగేళ్ళకే అది మూతపడింది, అది వేరే సంగతి. చార్లెస్ డికెన్స్ నడిపిన 'హౌస్‌హోల్డ్ వర్డ్స్' వారపత్రిక ఆ ఫ్యాక్టరీ గురించి ఒక వ్యాసం ప్రచురించింది. ఇతర కొట్లలో కండలు తిరిగిన కమ్మరులు చేసే పని ఇక్కడ ఆడపిల్లలు యంత్రాల దగ్గర నిలబడి చేస్తున్నారని అందులో ఆశ్చర్యపోతూ రాశారు. కోల్ట్ తుపాకుల గొట్టం మీద కర్నల్ కోల్ట్, లండన్ అని చిరునామా ఉంటుంది. ఆ గొట్టాలను తీర్చిన చేతుల్లో గాజుల చేతులూ ఉన్నాయి. గాజులు వేసుకుంటారో లేదో గాని, మన మాటగా అన్నాను.

ఇంకా ఘోరమైనది టోపీల పని. పాదరసంతో చేసే పేలుడు మందు, నలిగితే చాలు భగ్గుమంటుంది. దాన్ని రాగి టోపీల్లో అద్దడం, లెక్కపెట్టి డబ్బాలకెత్తడం ఎక్కువగా ఆడవాళ్ళ పని, చిన్నపిల్లల పని. వేళ్ళు సన్నగా ఉంటాయని, కూలి తక్కువని. 1859 సెప్టెంబరులో తుపాకుల పేటలోనే వైటల్ వీధిలో ఇలాంటి టోపీల ఫ్యాక్టరీ ఒకటి పేలిపోయింది. చచ్చిపోయినవారిలో ఎక్కువమంది ఆడవాళ్ళూ ఆడపిల్లలూనే. ఆ పేటలోని మిగతా కొట్లు ఎప్పటిలాగే నడిచాయి. మన శివకాశి వార్తలు చదివినప్పుడల్లా నాకు ఆ వైటల్ వీధి గుర్తుకు వస్తుంది. తుపాకీని చేసినవాళ్ళ పేర్లు రాయవలసివస్తే వీళ్ళ పేర్లు ఎక్కడ చెక్కాలి?

సరే, మా ఆర్.ఐ.సి. దగ్గరికి వద్దాం. అది రాయల్ ఐరిష్ కాన్‌స్టాబ్యులరీ. ఐర్లండు పోలీసు దళం పేరు. ఐర్లండులో 1867లో ఫీనియన్లు స్వాతంత్ర్యం కోసం తిరుగుబాటు చేస్తే ఆ పోలీసులు అణచివేశారు. అందుకు మెచ్చి విక్టోరియా రాణి వారికి "రాయల్" అనే బిరుదు ఇచ్చింది. అంటే 1867కు ముందు ఆర్.ఐ.సి. అనే మాటే పుట్టలేదు. 1868లో ఆ పోలీసులు వెబ్లీవారి రివాల్వరు తీసుకోగానే, కంపెనీ ఆ నమూనాకు ఆ పేరే పెట్టి అందరికీ అమ్మింది. కనుక ఆ అక్షరాలున్నంతమాత్రాన అది ఐర్లండు పోలీసుల చేతిలో తిరిగినదని అనుకోకూడదు, అది రకం పేరు మాత్రమే. మన చీరలకు సినిమా పేర్లు పెట్టి అమ్మరూ, అలాగ. ఆ దళాన్ని 1922లో రద్దు చేశారు. ఒక పరాయి దేశపు తిరుగుబాటును అణచినవాళ్ళ పేరుకు మేము ఇన్ని దసరాలు కుంకుమ బొట్టు పెట్టామా అని నాకు మొదట నవ్వు వచ్చింది, తరువాత నవ్వు రాలేదు.

మిగతా లెక్క సులువు. దిమ్మ మీద ప్రతి గుంటకూ రాజదండాల ముద్ర ఉన్నది, కనుక బర్మింగ్‌హామ్ పరీక్షే, అదీ 1904కు ముందు. చట్రం మీద రెక్కలున్న తూటా బొమ్మ, కింద పి. వెబ్లీ అండ్ సన్ అన్న పేరు. ఆ కంపెనీ 1897లో మరి రెండు కంపెనీలతో కలిసి వెబ్లీ అండ్ స్కాట్ అయింది. కనుక మా రివాల్వరు 1868కీ 1897కీ మధ్యది. ముప్ఫై ఏళ్ళ తేడా ఎక్కువే. అయినా ముసలాయన అంతకు మించి సాగదీయలేదు. "తెలిసినంతవరకే చెప్పాలమ్మా" అన్నారు. ఆయన మీద నాకు గౌరవం కలిగింది కూడా అక్కడే.

చివరగా, పైపట్టీ మీద కుంకుమ తీశాక బయటపడిన అక్షరాలు పి. ఓర్ అండ్ సన్స్, మద్రాసు. మా అత్తగారి అలకలో మూడోరోజు సాయంత్రం, కాఫీ ఇస్తూ ఆ పేరు మాట వరసకు చెప్పాను. గడియారాలు, వెండి సామాను అమ్మే మౌంట్ రోడ్డు కంపెనీ, వాళ్ళే తుపాకులూ అమ్మేవారట అన్నాను. ఆవిడ ఏమీ అనకుండా లేచి బీరువా తెరిచారు. పెళ్ళిళ్ళకు తీసే వెండి పన్నీరుబుడ్డి తెచ్చి, అడుగు తిరగేసి, కళ్ళజోడు పెట్టుకుని దీపం కిందికి జరిగారు. అక్కడ చిన్న అక్షరాలతో అదే పేరు ఉన్నది. ఇన్నేళ్ళుగా చింతపండుతో తోమింది ఆవిడే, ఎన్నడూ చదవలేదు.

"అయితే దొర ఇచ్చింది కాదు. కొన్నారన్నమాట" అన్నారు ఆవిడ. పైటచెంగుతో బుడ్డిని తుడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. కాసేపు ఆగి, "రెండూ ఒక్కసారే కొని ఉంటారంటావా? ఎంత పోసి ఉంటారే?" అని అడిగారు.